జలశక్తిని పరిశ్రమలకు పెట్టుబడిగా మలచిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య

(సెప్టెంబరు 15 ఇంజనీర్ల దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

భారతరత్న సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు చెప్పగానే తెలుగువారికి మూసీ వరదలు, గండిపేట చెరువు గుర్తుకు రావడం సహజం. అయితే ఆయన జీవితంలో అధిక శ్రమకు, అంతకు మించిన వివాదానికి కారణమైన ఘట్టం హైదరాబాదులో కాక, కావేరీ తీరాన కన్నంబాడి గ్రామం వద్ద సాగింది. వేసవిలో నది సన్నగిల్లితే ఒక సంస్థానపు ఖజానాకు ఎంత నష్టమో లెక్కగట్టి, ఆ లెక్క ఆధారంగానే ఆనకట్టకు అనుమతి సాధించిన ఇంజనీరు ఆయన.

విశ్వేశ్వరయ్య పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. ఆ కుటుంబం మైసూరు సంస్థానానికి వలస వెళ్లి చిక్కబళ్లాపురం సమీపాన ముద్దెనహళ్లిలో స్థిరపడింది. శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు విశ్వేశ్వరయ్య అక్కడే జన్మించారు. చిన్ననాటనే తండ్రిని కోల్పోయిన ఆయన బెంగళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ 1881లో బి.ఏ. పట్టా పొందారు. మైసూరు ప్రభుత్వ ఉపకార వేతనంతో పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగ్ అభ్యసించి, 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరారు.

బొంబాయి కొలువులో ఆయన చేసిన పనుల్లో ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో అమర్చిన స్వయంచాలక తలుపులు ముఖ్యమైనవి. నీరు నిర్ణీత మట్టాన్ని దాటగానే తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. వరద తగ్గగానే మూసుకుంటాయి. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే అదనపు నీటిని నిలువచేయడం దీని ప్రయోజనం. ఉన్నదానితోనే మరింత రాబట్టాలన్న ఈ దృష్టి ఆయనను కడవరకు వీడలేదు.

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదు నగరాన్ని ముంచెత్తిన తరువాత నిజాం ప్రభుత్వం ఆయనను ఆహ్వానించింది. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులపై జలాశయాలు నిర్మించాలని 1909లో ఆయన నివేదిక సమర్పించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వాటిని ఆచరణలో నిర్మించిన ఘనత హైదరాబాదు ఇంజనీర్లది. ఆ నివేదిక సమర్పించిన కొద్ది వారాలకే, 1909 నవంబరులో, విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థాన చీఫ్ ఇంజనీరుగా బాధ్యతలు స్వీకరించారు.

మైసూరులో జలవిద్యుత్తుకు ఆద్యుడు ఆయనేనని కొందరు వ్రాస్తుంటారు. అది సరికాదు. దివాన్ శేషాద్రి అయ్యర్ సంకల్పంతో శివనసముద్రం విద్యుత్ కేంద్రం 1902లోనే పనిచేయనారంభించింది. అక్కడి నుంచి సుమారు 147 కిలోమీటర్ల పొడవున తీగలు లాగి కోలారు బంగారు గనులకు విద్యుత్తు అందించారు. 1905లో బెంగళూరు వీధులకు విద్యుద్దీపాలు వచ్చాయి. విశ్వేశ్వరయ్య ఎదుట నిలిచిన సమస్య వేరు. వర్షాకాలంలో పొంగి ప్రవహించే కావేరి వేసవిలో సన్నని ధారగా మారిపోయేది. నీరు తగ్గితే యంత్రాలు మందగించేవి. గనులేమో ఏడాది పొడవునా నిలకడైన విద్యుత్తును, అదీ మునుపటికంటే అధికంగా కోరుతున్నాయి. ఆ కోరిక తీర్చలేకపోతే సంస్థానానికి స్థిరమైన రాబడి చేజారుతుంది.

శివనసముద్రానికి ఎగువన కన్నంబాడి వద్ద ఆనకట్ట కట్టి వాననీటిని వేసవికి నిలువచేయడమే ఆయన సూచించిన పరిష్కారం. 41.5 టీఎంసీల నిలువకు రూపొందించిన ఆ పథకానికి అంచనా వ్యయం సుమారు రెండున్నర కోట్ల రూపాయలు. ఒక సంస్థానానికి ఆనాడు అది గుండెలదిరే మొత్తం. ఆర్థిక శాఖ వెనుకంజ వేసింది. సాగునీటి శిస్తు ఒక్కటే చూపితే ఆ పథకం ఏనాటికీ గట్టెక్కదని విశ్వేశ్వరయ్యకు తెలుసు. అందుకే విద్యుత్తు విక్రయం ద్వారా వచ్చే ఆదాయాన్ని ముందు వరుసలో నిలిపారు. గనుల నుంచి వచ్చే సొమ్ము ఆనకట్ట ఖర్చు భరిస్తుంది, ఆనకట్ట నీరు పొలాలకు పారుతుంది. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయార్ అంగీకారంతో 1911లో పనులు మొదలయ్యాయి.

అసలు చిక్కు దిగువన ఉన్న మద్రాసు ప్రభుత్వం నుంచి వచ్చింది. మెట్టూరు వద్ద తమ సొంత జలాశయాన్ని తలపెట్టిన మద్రాసు అభ్యంతరం తెలుపగా, భారత ప్రభుత్వం 11 టీఎంసీల నిలువకు మాత్రమే అనుమతించింది. అయినా పునాదిని పూర్తి ఎత్తుకు సరిపడేంత వెడల్పుతోనే వేశారు. పెద్ద ఆనకట్టకు అనుమతి రాకుంటే ఆ అదనపు ఖర్చంతా మట్టిపాలే. మద్రాసుకు సహజంగానే ఇది ఆగ్రహం కలిగించింది. 1914లో మధ్యవర్తి గ్రిఫిన్ తీర్పు వెలువడినా వివాదం సమసిపోలేదు. చివరకు 1924 ఒప్పందంలో 44.8 టీఎంసీల నిలువకు మైసూరుకు అనుమతి లభించింది. 1930వ దశకం ఆరంభానికి కృష్ణరాజసాగరం నిర్మాణం ముగిసింది. ఇటుకపొడి, సున్నం కలిపిన సుర్కీతో కట్టిన ఈ రాతి ఆనకట్ట పొడవు 2,600 మీటర్లకు పైమాటే. విశ్వేశ్వరయ్య స్వయంచాలక తలుపులను ఇక్కడా అమర్చారు. కన్నంబాడితో పాటు పలు గ్రామాలు, పురాతన వేణుగోపాలస్వామి ఆలయం ఈ జలాశయంలో మునిగిపోయాయి. ఇళ్లువాకిళ్లు వదలి వెళ్లిన ఆ గ్రామస్థుల ప్రస్తావన లేకుండా ఈ నిర్మాణ చరిత్ర పూర్తి కాదు.

1912 నవంబరులో ఆయన మైసూరు దివాన్‌గా నియమితులయ్యారు. విద్యుత్తు ఉంటే చాలదు, దానిని వినియోగించుకునే మూలధనం, నిపుణులు కావాలని గుర్తించి 1913లో మైసూరు బ్యాంకును, 1916లో మైసూరు విశ్వవిద్యాలయాన్ని, 1917లో బెంగళూరు ఇంజనీరింగ్ కళాశాలను నెలకొల్పారు. మొదటి ప్రపంచయుద్ధం వల్ల జర్మనీకి గంధపు చెక్క ఎగుమతి నిలిచిపోగా, సంస్థానంలోనే గంధపు నూనె తీసే కర్మాగారం, ఆ వెంట ప్రభుత్వ సబ్బుల కర్మాగారం వెలిశాయి. ఆటంకాన్ని అవకాశంగా మలచుకున్న ఈ ఉదంతం పాలనాధికారులకు నేటికీ పరిశీలనార్హం.

వెనుకబడిన వర్గాలకు ప్రభుత్వోద్యోగాల్లో రిజర్వేషన్లు కల్పించే విషయంలో మహారాజుతో ఏర్పడిన భిన్నాభిప్రాయం కారణంగా 1918లో ఆయన పదవి నుంచి తప్పుకున్నారు. ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలన్నది ఆయన వాదన. మిల్లర్ సంఘం సిఫార్సుల మేరకు మైసూరు ఆ తరువాత వేరొక మార్గాన నడిచింది. ఈ విషయంలో కాలం ఆయన పక్షాన నిలువలేదనే చెప్పాలి.

ఆయన హయాంలో ప్రారంభించిన భద్రావతి ఇనుప కర్మాగారం కథ మరింత కఠినమైనది. మైసూరులో ఇనుప ఖనిజం ఉంది గాని బొగ్గు లేదు. అందువల్ల అడవి కలపను కాల్చిన బొగ్గుతోనే ఇనుము కరిగించవలసి వచ్చింది. 1923లో ఉత్పత్తి మొదలయ్యేసరికి అంతర్జాతీయ విపణిలో ఇనుము ధర పడిపోయింది. నష్టాలు పెరిగాయి, విమర్శలు చెలరేగాయి. కర్మాగారాన్ని గాడిలో పెట్టే బాధ్యతను ఆయనకే అప్పగించగా, 1929 వరకు పాలక మండలి అధ్యక్షులుగా పనిచేశారు. అందుకు తనకు రావలసిన పారితోషికాన్ని తీసుకోక, వృత్తివిద్యా సంస్థ స్థాపనకు వినియోగించాలని కోరారు. బెంగళూరులోని జయచామరాజేంద్ర పాలిటెక్నిక్ ఆ విధంగా ఏర్పడింది.

దేశంలో మోటారు వాహనాల కర్మాగారం స్థాపించాలని వృద్ధాప్యంలోనూ ఆయన ఎంతో యత్నించారు. మైసూరులో అది ఫలించలేదు. 1934లో వెలువరించిన ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ గురించిన గ్రంథం తరువాతి ప్రణాళికా కర్తలకు మార్గదర్శకమైంది. 1955లో భారతరత్న పురస్కారం వరించింది. నూరేళ్లు నిండిన పిదప 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు.

కృష్ణరాజసాగరం ఎడమ కాలువకు తరువాత ఆయన పేరు పెట్టారు. ఆ నీటితో మండ్యలో చెరకు సాగు విస్తరించి, 1933లో చక్కెర కర్మాగారం నెలకొంది. జోగ్ జలపాతం వద్ద 1948లో విద్యుదుత్పత్తి ఆరంభమైన తరువాత భద్రావతిలో ఇనుము కరిగించేందుకు విద్యుత్ కొలుములు వచ్చాయి. ఆ కర్మాగారానికి కూడా విశ్వేశ్వరయ్య పేరే పెట్టారు.