గెలాక్సీల వాయువుకు లెక్క కట్టిన బియాట్రిస్ టిన్స్‌లీ

గెలాక్సీలు కూడా ఎదుగుతాయని, రంగు మారతాయని, చివరకు వయసు మళ్లుతాయని లెక్కలతో చూపిన ఖగోళ శాస్త్రవేత్త బియాట్రిస్ టిన్స్‌లీ. ఒక గెలాక్సీలో ఎంత వాయువు మిగిలి ఉంది, దాని నుంచి ఎంత వేగంగా నక్షత్రాలు పుడుతున్నాయి అన్న రెండు ప్రశ్నలను కలిపి చూస్తేనే దాని గతం, భవితవ్యం అర్థమవుతాయని ఆమె పరిశోధనలు చాటాయి. 40 ఏళ్లకే కన్నుమూసిన ఆమె ఈ శాస్త్ర శాఖకు వేసిన పునాది నేటికీ చెక్కుచెదరలేదు.

ఆమె 1941 జనవరి 27న ఇంగ్లండ్‌లోని చెస్టర్‌లో జన్మించారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కుటుంబం న్యూజిలాండ్‌కు తరలి వెళ్లి, కొంతకాలానికి న్యూప్లిమత్ పట్టణంలో స్థిరపడింది. వయొలిన్‌లో మంచి ప్రావీణ్యం సంపాదించినా, బియాట్రిస్ మనసు భౌతికశాస్త్రంపైనే నిలిచింది. క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా తోటి విద్యార్థి, అనంతర కాలంలో భౌతికశాస్త్రవేత్తగా పేరొందిన బ్రయన్ టిన్స్‌లీని 1961లో వివాహం చేసుకున్నారు. భర్త ఉద్యోగరీత్యా 1963లో ఇద్దరూ అమెరికాలోని డల్లాస్ చేరారు.

అక్కడ భర్తకు ఉద్యోగం ఉంది, ఆమెకు లేదు. ఖగోళశాస్త్రంలో పరిశోధన చేయాలంటే ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయమే దిక్కు. డల్లాస్ నుంచి దాదాపు 320 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ నగరానికి రాకపోకలు సాగిస్తూనే ఆమె సిద్ధాంత వ్యాసాన్ని 1966 చివరికల్లా పూర్తిచేశారు. దత్తత తీసుకున్న ఇద్దరు పిల్లల పెంపకం, ఇంటి పని ఆమె భుజాలపైనే ఉండగా పరిశోధన సాగింది.

ఆ సిద్ధాంత వ్యాసమే వివాదానికి తెరతీసింది. విశ్వ విస్తరణ రేటు కాలక్రమంలో ఎలా మారిందో తేల్చడానికి శాస్త్రవేత్తలు అప్పట్లో సుదూరపు పెద్ద గెలాక్సీల వెలుగును కొలబద్దగా వాడేవారు. వాటి వెలుగు కాలంతో పాటు పెద్దగా మారదన్నది వారి నమ్మకం. టిన్స్‌లీ మాత్రం నక్షత్రాల పుట్టుక, వాటి ఆయుష్షు, అవి చనిపోతూ తిరిగి వదిలే వాయువు, అన్నింటినీ ఒకే గణిత నమూనాలో చేర్చారు. ఆ మార్పులను పట్టించుకోని కొలబద్ద తప్పుదారి పట్టిస్తుందని తేల్చారు. ఆ రంగంలో అగ్రగణ్యుడైన అలన్ శాండేజ్ ఆమె వాదనతో విభేదించారు. కాలం గడిచేకొద్దీ శాస్త్రలోకం టిన్స్‌లీ వైపే మొగ్గింది.

పేరు వచ్చినా డల్లాస్‌లో ఆమెకు తగిన శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1974 ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ ఏడాదే అమెరికా ఖగోళ సంఘం యానీ కానన్ పురస్కారంతో గౌరవించింది, ఆ ఏడాదే వివాహబంధం ముగిసింది. పిల్లలు తండ్రి వద్ద ఉండిపోగా, ఆమె 1975లో యేల్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1978లో అక్కడ ఖగోళశాస్త్ర ప్రొఫెసర్ పదవిని అందుకున్న తొలి మహిళ అయ్యారు.

సహ పరిశోధకుడు రిచర్డ్ లార్సన్‌తో కలిసి ఆమె చేసిన కృషి అత్యంత ఫలవంతమైనది కూడా యేల్‌లోనే. కొత్తగా పుట్టిన భారీ నక్షత్రాలు నీలికాంతి చిమ్ముతూ త్వరగా అంతరించిపోతాయి. చిన్నవి ఎర్రగా, చిరకాలం మిగులుతాయి. అందువల్ల గెలాక్సీ రంగును బట్టి అందులో నక్షత్రాల పుట్టుక ఎప్పుడు, ఎంత జోరుగా సాగిందో ఊహించవచ్చు. పరస్పరం ఢీకొన్న, ఆకృతి చెదిరిన గెలాక్సీల్లో కొద్ది కాలంలోనే నక్షత్రాలు వెల్లువలా పుట్టుకొచ్చాయని వారు 1978లో వివరించారు.

1980లో లార్సన్, నెల్సన్ కాల్డ్‌వెల్‌లతో కలిసి వెలువరించిన పత్రం మరో ముడిని విప్పింది. చెరువులో నీరెంత ఉందో, రోజుకు ఎంత పారుతోందో తెలిస్తే అది ఎన్నాళ్లకు ఎండుతుందో చెప్పవచ్చు. మన పొరుగున ఉన్న సర్పిల గెలాక్సీలకు అదే లెక్క వేస్తే, ఉన్న వాయువు వాటి వయసుతో పోల్చినప్పుడు స్వల్పమైన కొన్ని వందల కోట్ల ఏళ్లలోనే ఖర్చైపోవాలి. అయినా వాటిలో ఇప్పటికీ నక్షత్రాలు పుడుతున్నాయంటే, ఎగువ వాగు నుంచి చెరువుకు నీరు చేరినట్లు బయటి నుంచి వాయువు వచ్చి చేరుతూ ఉండాలి. గెలాక్సీల సమూహాల్లో ఆ రాక ఆగిపోతే సర్పిలం క్రమంగా వాయువు కోల్పోయి, నక్షత్రాల పుట్టుక నిలిచిన కటకాకార గెలాక్సీగా మారవచ్చని వారు ప్రతిపాదించారు.

ఆ పత్రం వెలువడే నాటికే ఆమె మృత్యువుతో పోరాడుతున్నారు. చర్మ క్యాన్సర్‌లో ప్రమాదకరమైన మెలనోమా సోకినట్లు 1978లో బయటపడింది. వ్యాధి ముదిరి కుడిచేయి సహకరించకపోతే ఎడమచేత్తో రాయడం నేర్చుకుని, చివరి పత్రాన్ని మరణానికి కొద్ది రోజుల ముందే ప్రచురణకు పంపారు. 1981 మార్చి 23న తుదిశ్వాస విడిచారు. సుమారు 14 ఏళ్ల పరిశోధన జీవితంలో ఆమె రాసిన పత్రాలు దాదాపు 100.

అమెరికా ఖగోళ సంఘం 1986 నుంచి ఆమె పేరిట పురస్కారం ఇస్తోంది. న్యూజిలాండ్‌లో ఒక పర్వత శిఖరానికీ ఆమె పేరు పెట్టారు. ఆమె లేవనెత్తిన ప్రశ్న మన దేశంలోనూ పరిశోధనకు ప్రేరణగా నిలిచింది. పుణె సమీపంలోని జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్ సాయంతో భారత శాస్త్రవేత్తలు సుమారు 800 కోట్ల ఏళ్ల నాటి గెలాక్సీల్లో హైడ్రోజన్ వాయువును కొలిచి, 2020లో ఫలితాలు వెల్లడించారు. ఆ వాయువు 100 నుంచి 200 కోట్ల ఏళ్ల నక్షత్రోత్పత్తికి మాత్రమే చాలుతుందని, తగినంత కొత్త వాయువు చేరకపోవడమే అనంతర కాలంలో నక్షత్రాల పుట్టుక తగ్గడానికి కారణం కావచ్చని తేల్చారు. ఎంత ఉంది, ఎంత ఖర్చవుతోంది, ఎంత చేరుతోంది అంటూ టిన్స్‌లీ గెలాక్సీలకు వేసిన లెక్కనే వారు సుదూర గతానికి వర్తింపజేశారు.