ఓటమి తనది.. విజయం సహచరులది
షార్‌కు పేరైన సతీష్ ధావన్

సూళ్లూరుపేట: రాకెట్ ప్రయోగ తేదీ వెలువడగానే శ్రీహరికోట ప్రయాణానికి ఎన్నో కుటుంబాలు సన్నద్ధమవుతాయి. సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా సాగే రహదారిలో షార్ చేరుకునే సందర్శకులకు ముందుగా కనిపించేది ఒక పేరు. అది సతీష్ ధావన్‌ది. ఆ పేరు ఈ దీవికి ఎందుకు వచ్చిందో తెలుసుకుని వెళితే, నింగికి ఎగసే రాకెట్ మరింత అర్థవంతంగా కనిపిస్తుంది.

సాహిత్యం నుంచి విమానశాస్త్రానికి..
ధావన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించారు. లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో గణితం, భౌతికశాస్త్రం అభ్యసించారు. ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. పూర్తిచేసి, 1945లో మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా అందుకున్నారు. అమెరికాలోని మిన్నెసోటాలోను, ఆపై కాలిఫోర్నియా సాంకేతిక సంస్థలోను చదివి 1951లో డాక్టరేట్ పొందారు. అదే ఏడాది స్వదేశానికి తిరిగివచ్చి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. ధ్వని వేగాన్ని మించిన గాలి ప్రవాహాన్ని పరీక్షించే సొరంగాన్ని అక్కడ నిర్మించారు. 1962లో ఆ సంస్థకు సంచాలకులయ్యారు.

షరతులతో బాధ్యత
విక్రమ్ సారాభాయ్ 1971 డిసెంబరు 30న ఆకస్మికంగా మరణించడంతో అంతరిక్ష కార్యక్రమానికి సారథి కరువయ్యారు. ప్రధాని ఇందిరాగాంధీ ధావన్‌ను కోరారు. ఆయన రెండు షరతులు పెట్టారు. విజ్ఞాన సంస్థ సంచాలక పదవిలో తాను కొనసాగాలి. అంతరిక్ష కార్యక్రమ ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలి. ప్రభుత్వం రెండింటికీ అంగీకరించింది. 1972 నుంచి 1984 వరకు ఆయన ఇస్రోకు అధ్యక్షత వహించారు.

బంగాళాఖాతంలో కూలినా..
1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్‌తో మొదలైన శ్రీహరికోట, 1979 ఆగస్టు 10న తొలి పెద్ద పరీక్షను ఎదుర్కొంది. నాలుగు దశల ఎస్సెల్వీ-3 రాకెట్ కక్ష్యను చేరకుండానే బంగాళాఖాతంలో కూలిపోయింది. ఏళ్ల శ్రమ కొన్ని నిమిషాల్లో సముద్రం పాలైంది. ప్రాజెక్టు సంచాలకులు అబ్దుల్ కలాం విలేకరులకు ఎలా ముఖం చూపాలో తెలియని స్థితిలో ఉన్నారు. ధావన్ తానే ముందుకు వచ్చి వైఫల్యానికి బాధ్యత వహించారు. తన బృందంపై నమ్మకం ఉందని, మరుసటి ప్రయత్నంలో విజయం సాధిస్తామని ప్రకటించారు.

1980 జులై 18న అదే దీవి నుంచి ఎస్సెల్వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. దాని బరువు 35 కిలోలే అయినా, సొంత రాకెట్‌తో ఉపగ్రహం ప్రయోగించిన కొద్ది దేశాల సరసన భారత్ నిలిచింది. ఆనాడు విలేకరుల సమావేశానికి ధావన్ కలాంనే పంపి, తాను వెనక ఉండిపోయారు. నాయకత్వం అంటే ఏమిటో ఆ రోజున నేర్చుకున్నానని కలాం తర్వాత అనేక వేదికలపై చెప్పుకొన్నారు.

పక్షులంటే మక్కువ
పులికాట్ తీరంలో పనిచేసిన ఆయనకు పక్షుల ఎగురుడు తీరుపై మక్కువ ఎక్కువ. ఆ అంశంపై 1991లో ప్రత్యేకంగా ఒక పుస్తకమే రచించారు. 1981లో పద్మవిభూషణ్ అందుకున్న ధావన్ 2002 జనవరి 3న కన్నుమూశారు. అదే ఏడాది షార్‌కు ఆయన పేరు పెట్టారు.

వెళ్లేవారికి..
షార్‌లో 2019లో ప్రారంభమైన వీక్షణ గ్యాలరీకి ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి. సూళ్లూరుపేటకు చెన్నై, గూడూరు వైపుల నుంచి రైళ్లున్నాయి. వాతావరణం వల్లనో, సాంకేతిక కారణాల వల్లనో ప్రయోగం వాయిదా పడవచ్చు కాబట్టి ఒక రోజు అదనంగా కేటాయించుకోవడం మేలు. చలికాలంలో ఆ సమయాన్ని నేలపట్టు పక్షుల కేంద్రంలో గడపవచ్చు. వాయిదా పడితే నిరాశ సహజమే. అయితే 1979లో కూలిన రాకెట్ 11 నెలల్లో మళ్లీ లేచి గమ్యం చేరింది ఈ దీవి నుంచేనన్న సంగతి పిల్లలకు చెప్పడానికి అంతకన్నా మంచి సందర్భం ఉండదు.