డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు

విజయము పొందినవారి చరిత్రములను వ్రాయువారును చదువువారును లోకమున పెక్కుమంది గలరు. ఓడినవాడు ఓడిన మరునాడు ఏమి చేసెనో విచారించువారు మిక్కిలి తక్కువ. మన పాఠశాల ఆటస్థలమునందును ఇంతియే. గెలిచిన జట్టునకు కప్పును చప్పట్లును లభించును. ఓడిన జట్టు మౌనముగా వసతిగృహమునకు మరలిపోవును. కాని మరునాటి సాయంకాలము ఆ ఓడినవారు మరల బంతిని చేతబట్టి ఆటకు వత్తురా, రారా యనుదానిపై ఆ జట్టు భవిష్యత్తు ఆధారపడియుండును. మహాసంస్థల విషయమునను ఈ న్యాయమే వర్తించును. దీనికి నిదర్శనముగా మన కృష్ణా మండలమున జీవితములో అధికభాగము గడపిన యొక మహాశయుని చరిత్రమును ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన ఏలూరునకు సమీపమునగల గుండుగొలను గ్రామమునందు ఒక పేద బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. చదువే ధనముగా భావించి శ్రమించి, మద్రాసు క్రైస్తవ కళాశాలయందు పట్టభద్రులైరి. పిమ్మట వైద్యశాస్త్రము నభ్యసించి, బందరు పట్టణమున వైద్యవృత్తి నారంభించిరి. ఆ వృత్తి ఆయనకు మంచి పేరును ధనమును గూడ తెచ్చిపెట్టెను. అయినను దేశసేవయందలి యాసక్తి పెరిగినకొలది వైద్యమును విడిచి, తన కాలమునంతటిని ప్రజాకార్యములకే వినియోగించిరి.

ఆయన స్వభావము సంస్థలను నిర్మించువాని స్వభావము. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు అను మిత్రులతో గలసి 1910వ సంవత్సరమున బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. పుస్తకవిద్యతోబాటు చేతిపనులును బాలురకు నేర్పవలెనన్నది ఆ కళాశాల యాశయము. 1919లో జన్మభూమి యను నాంగ్లవారపత్రికను నడపిరి. 1923వ సంవత్సరము నవంబరు 28వ తేదీన ఆంధ్రా బ్యాంకు బందరులో వ్యాపారము ప్రారంభించెను. లక్షరూపాయల చెల్లించిన మూలధనముతో బయలుదేరిన యా బ్యాంకునకు మూలపురుషులు సీతారామయ్యగారే. వడ్డీవ్యాపారుల చేతులలో నలుగుచున్న డెల్టా రైతునకు తన ప్రాంతమునందే తనదగు బ్యాంకు ఉండవలెనని ఆయన తలచిరి. అది 1980లో జాతీయము చేయబడి, 2020వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమగువరకు తొంబదియారు సంవత్సరములు ఆంధ్రుల పేరు నిలిపినది. భీమా సంఘముల స్థాపనయందును ఆయన హస్తము గలదు.

ఇక రాజకీయములకు వత్తము. ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రము వలయునని 1913లో బాపట్లయందు ఆంధ్ర మహాసభ సమావేశమైన కాలమునుండియు ఆయన ఆ వాదమును బలపరచుచునే యుండిరి. ఆ కృషి ఫలితముగనే 1918లో కాంగ్రెసునందు ఆంధ్రులకు వేరుగా రాష్ట్రసంఘమేర్పడెను. 1921వ సంవత్సరము మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో అఖిలభారత కాంగ్రెసు సంఘము మన బెజవాడలోనే సమావేశమై, తిలక్ స్వరాజ్యనిధికి కోటిరూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, దేశమునకు ఇరువదిలక్షల రాట్నములు సమకూర్పవలెనని తీర్మానించెను. నాలుగణాల చందా చెల్లించిన సామాన్యుడు సభ్యుడగుట, సభ్యులు ప్రతినిధుల నెన్నుకొనుట, ఆ ప్రతినిధులే అధ్యక్షుని నిర్ణయించుట యను పద్ధతి ఇట్లు బలపడెను. అధ్యక్షుని నిర్ణయించు నా ఓట్లే పదునెనిమిది సంవత్సరముల పిమ్మట సీతారామయ్యగారికి ప్రతికూలముగా వచ్చినవి.

1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని ఆయన చెరసాల కేగిరి. 1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవ సందర్భమున ఆ మహాసభ చరిత్రమును ఆంగ్లమున బృహద్గ్రంథముగా రచించిరి. దానితో ఆయన పేరు దేశమంతటను వ్యాపించెను.

1938వ సంవత్సరమున హరిపురా కాంగ్రెసునకు సుభాసచంద్ర బోసుగారు పోటీలేకయే అధ్యక్షులైరి. మరుసటి సంవత్సరమును తామే అధ్యక్షులుగా నుండవలెనని బోసుగారు నిశ్చయించుకొనిరి. 1935వ సంవత్సరపు శాసనముననుసరించి ఆంగ్లప్రభుత్వము ప్రతిపాదించిన సమాఖ్య విషయమున పెద్దలు రాజీపడుదురేమోయని ఆయనకు సంశయము. అధ్యక్షపదవికి ఒక కార్యక్రమముపై ఎన్నిక జరుగుట మేలని ఆయన వాదము. విధానమును నిర్ణయించునది మహాసభయు కార్యవర్గమును గనుక, అధ్యక్షపదవికి పోరాటము పనిలేదని పటేలు మున్నగువారి వాదము. వీరు మొదట మౌలానా ఆజాదుగారిని నిలుపదలచిరి. ఆజాదుగారు ఆరోగ్యకారణమున తప్పుకొనగా సీతారామయ్యగారి పేరు ముందుకు వచ్చెను. బోసుగారిని విరమింపుమని కార్యవర్గములోని పలువురు ప్రకటన చేసిరి. ఆయన విరమింపలేదు.

1939వ సంవత్సరము జనవరి 29వ తేదీన ఆయా రాష్ట్రములయందు ప్రతినిధులు ఓట్లు వేసిరి. బోసుగారికి 1580 ఓట్లు, సీతారామయ్యగారికి 1377 ఓట్లు వచ్చినవి. భేదము 203 మాత్రమే. ఆంధ్రదేశపు ఓట్లలో అధికభాగము సీతారామయ్యగారికే లభించినను, వంగదేశము బోసుగారిని గొప్ప ఆధిక్యముతో గెలిపించెను. అప్పుడు సీతారామయ్యగారికి ఏబదియెనిమిదేండ్లు, గెలిచినవారికి నలువదిరెండు. ఆజాదుగారు తొలగిన తరువాత సీతారామయ్యగారిని పోటీనుండి విరమింపకుండ ప్రేరేపించినవాడను తానే గనుక, ఆ ఓటమి ఆయనదానికంటె తనదే యని గాంధీమహాత్ముడు ప్రకటించెను. బోసుగారు దేశమునకు శత్రువు కాదనియు, తక్కువ సంఖ్యవారు ఎక్కువ సంఖ్యవారికి అడ్డుతగులరాదనియు, కలసి పనిచేయజాలనిచో తొలగియుండవలెననియు గూడ బోధించెను.

ఆ వాక్యము మేలుకంటె బరువే యెక్కువగా తెచ్చినదని చెప్పవచ్చును. నాటినుండి నేటివరకు పెక్కుమంది సీతారామయ్యగారిని గాంధీగారి అభ్యర్థిగా, బోసుగారి చేతిలో ఓడినవారిగా మాత్రమే తలచుచున్నారు. ఒక మనుష్యుని డెబ్బదితొమ్మిది సంవత్సరముల జీవితమును ఒక్క దినపు ఓట్ల లెక్కతో తూచుట న్యాయమా?

అట్లని ఆనాటి కథను తీపిచేసి చెప్పుటయు సత్యము కాదు. ఫిబ్రవరి మాసమున కార్యవర్గ సభ్యులలో అధికులు రాజీనామా లిచ్చిరి. వారిలో సీతారామయ్యగారును ఒకరు. అధ్యక్షునకు తన భావములతో నేకీభవించు కార్యవర్గము నేర్పరచుకొను స్వేచ్ఛ నొసగుటకే తొలగితిమని వారు తలచిరి. ఇది సహాయనిరాకరణమే యని బోసుగారి మిత్రులు భావించిరి. మార్చిమాసమున జబల్పూరునకు సమీపమునగల త్రిపురిలో మహాసభ జరిగెను. బోసుగారు తీవ్రమైన జ్వరముతో నుండిరి. గాంధీగారి యిచ్ఛానుసారముగా కార్యవర్గమును నియమింపవలెనని అచట తీర్మానము నెగ్గెను. ఉభయులకును సమ్మతమగు కార్యవర్గ మేర్పడలేదు. ఏప్రిలు 29వ తేదీన కలకత్తాలో బోసుగారు అధ్యక్షపదవిని వదలుకొనిరి. రాజేంద్రప్రసాదుగారు ఆ స్థానమున నియమితులైరి. మే మాసమున బోసుగారు ఫార్వర్డు బ్లాకును స్థాపించిరి; ఆగష్టులో మూడు సంవత్సరముల వరకు కాంగ్రెసు పదవులకు ఆయన అనర్హులని నిర్ణయింపబడెను. గెలిచినవారును ఓడినవారును కూడ దేశభక్తులే. అయినను గెలిచినవారు ఓడినవారి భయమును తీర్పలేకపోయిరి. ఓడినవారు గెలిచినవారికి తోడు నిలువలేకపోయిరి. ఐకమత్యమునకు ఇరువురి చేతులును వలయును. ఒంటిచేతి చప్పట్లు మ్రోగవు గదా!

అయినను సీతారామయ్యగారు తాము ఓడిన యా సంస్థను విడువలేదు. వేరొక పక్షమును గట్టలేదు. 1942 ఆగష్టులో క్విట్ ఇండియా తీర్మానమైన వెంటనే కార్యవర్గసభ్యులతో నిర్బంధింపబడి, నెహ్రూ, పటేలు, ఆజాదు ప్రభృతులతో అహమ్మదునగరు కోటలో సుమారు మూడేండ్లు గడపిరి. ఆ కోటలో వ్రాసికొనిన దినచర్య తరువాత ఫెదర్స్ అండ్ స్టోన్స్ అను పేర గ్రంథమయ్యెను. 1947లో కాంగ్రెసు చరిత్రము రెండవ సంపుటమును వెలువరించిరి. విద్యార్థులారా, దీనిని గమనింపుడు. తాను ఓడిన యెన్నికను, ఆ తరువాతి కలహమును తన చేతితోనే చరిత్రగ్రంథమున వ్రాయవలసిన బాధ్యత ఆయనపై బడెను. ఇట్టి పరీక్ష చరిత్రకారులలో అరుదుగా గొందరికే కలుగును.

తొమ్మిది సంవత్సరములు గడచిన పిమ్మట, 1948లో ఆయన మరల అధ్యక్షపదవికి నిలిచిరి. ఈ పర్యాయము ప్రత్యర్థి పురుషోత్తమదాసు టాండనుగారు. సీతారామయ్యగారు కొలదిపాటి ఆధిక్యముతో గెలుపొందిరి. స్వాతంత్ర్యానంతరము జరిగిన మొదటి మహాసభకు ఆ సంవత్సరము డిసెంబరులో జయపురమున అధ్యక్షత వహించిరి. ఓడిన టాండనుగారును సంస్థను వీడక పనిచేసి, 1950లో తామే అధ్యక్షులుగా ఎన్నికైరి. ఓటమి ద్వారమును మూసివేయదనుటకు ఈ యిరువురును సాక్షులు.

అధ్యక్షుడైన పిమ్మట ఆయనకు మరియొక కఠినపరీక్ష వచ్చెను. భాషారాష్ట్రముల విషయము విచారించుటకు జవహర్‌లాలు నెహ్రూ, వల్లభభాయి పటేలు, పట్టాభి సీతారామయ్యగార్లతో ఒక సంఘమేర్పడెను. 1913నుండి ఆంధ్రరాష్ట్రమును గోరుచున్న మనిషి, 1949 ఏప్రిలులో భాషారాష్ట్రముల నిర్మాణమును కొంతకాలము వాయిదా వేయవలెనను నివేదికపై సంతకము చేసిరి. ఆంధ్రుల కోర్కె విషయమున మాత్రము, మద్రాసు నగరముపై హక్కును వదలుకొన్నచో రాష్ట్రమిచ్చుటకు వీలున్నదని అందు వ్రాసిరి. ఇది పెక్కుమంది స్వజనులకు నచ్చలేదు. పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15వ తేదీన ప్రాణత్యాగము చేసినపిదప, 1953 అక్టోబరు 1వ తేదీన మద్రాసు నగరము లేకయే ఆంధ్రరాష్ట్రమవతరించెను.

ఐకమత్యమును గూర్చి ఇతరులకు బోధించుట సులభము. ఇంటిలో పాటించుట కష్టము. ఆంధ్ర కాంగ్రెసులోనే సీతారామయ్యగారి పేర ఒక వర్గమును, టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేర మరియొక వర్గమును చిరకాలము నడచినవి. 1951లో ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షపదవికై జరిగిన పోటీలో ఆచార్య రంగాగారు నీలం సంజీవరెడ్డిగారి చేతిలో ఓడి, కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. ప్రకాశము పంతులుగారును ఆ సంవత్సరమే కాంగ్రెసునుండి వెడలిపోయిరి. తత్ఫలితముగా 1952 ఎన్నికలలో డెల్టా మండలములయందు కాంగ్రెసు గొప్ప దెబ్బతినెను. 1955లో ఈ పక్షములన్నియు ఐక్యకూటమిగా చేరి పోటీచేయగా, 196 స్థానములలో 146 స్థానములు వారికి లభించినవి. విడిపోయినపుడు పోగొట్టుకొన్నదానిని కలసినపుడు మరల పొందిరి. మన తాతలు ఓట్లువేసి చూచిన సంగతియే ఇది.

1952నుండి 1957వరకు సీతారామయ్యగారు మధ్యప్రదేశ్ రాష్ట్రమునకు గవర్నరుగా నుండిరి. తన ప్రత్యర్థి అధ్యక్షుడుగా మహాసభ జరిగిన త్రిపురి ఆ రాష్ట్రములోనిదే. 1959వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన ఆయన పరమపదించిరి.

ఈ జీవితమున లోపములు లేవని చెప్పజాలము. 1939లో ఓడిన పక్షము మరికొంత ఓర్పు వహించియున్నచో దేశచరిత్ర ఎట్లుండెడిదో ఎవరు చెప్పగలరు? కాని ఆయన నుండి మనము నేర్చుకొనదగినది స్పష్టముగా నొకటి గలదు. పదవి పోయినను పనిని వదలలేదు. బ్యాంకు, కళాశాల, పత్రిక, గ్రంథము, చెరసాల అన్నియు ఆయనకు సేవాస్థానములే. అధ్యక్షస్థానము అందులో నొకటి మాత్రమే.

పిల్లలారా, మీలో కొందరు ఈ సంవత్సరము తరగతి నాయకత్వమునకో, క్రీడాజట్టు నాయకత్వమునకో నిలిచి గెలువలేకపోయియుందురు. గెలిచినవానికి మనసార చేయి కలుపుడు. గెలిచినవారును ఓడిన మిత్రుని మాటను ముందుగా వినుడు. తలిదండ్రులును ఇంటియొద్ద బిడ్డ ఓడివచ్చినపుడు, ఎందుకోడితివని యడుగుటకు ముందు, రేపు ఏమి చేయుదువని యడుగుదురుగాక. బందరు వైద్యుని చరిత్రము మనకు నేర్పు పాఠమిదియే.