నగరానికి నాడులు అమర్చిన వైద్యుడు

ఫైర్ అలారం వ్యవస్థకు ఆద్యుడు విలియం చానింగ్

వైద్యపట్టా పుచ్చుకున్నా రోగుల నాడి పరీక్షించే వృత్తిని చేపట్టక, ఒక మహానగరానికే నాడీమండలాన్ని సమకూర్చిన మేధావి డాక్టర్ విలియం ఫ్రాన్సిస్ చానింగ్. నేడు ఆసుపత్రులు, హోటళ్లు, బహుళ అంతస్తుల భవనాల గోడలపై కనిపించే ఎర్రని ఫైర్ అలారం పెట్టెకు మూలం ఆయన ఆలోచనే.

అమెరికాలోని బోస్టన్‌లో 1820 ఫిబ్రవరి 22న చానింగ్ జన్మించారు. తండ్రి విలియం ఎలరీ చానింగ్ దేశమంతటా పేరెన్నికగన్న క్రైస్తవ మతబోధకుడు. యౌవనంలో న్యూహాంప్‌షైర్ భూగర్భ సర్వేలో పాలుపంచుకున్నారు. యజమాని చెర నుంచి పారిపోయి వచ్చిన జార్జ్ లాటిమర్‌ను 1842లో బోస్టన్‌లో నిర్బంధించినప్పుడు, ఆయన పక్షాన మిత్రులతో కలిసి పత్రిక నడిపారు. 1844లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టా పొందారు. మోర్స్ తంతి వార్త వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు చేరింది ఆ ఏడాదే.

గంట మోగినా దారి తెలియదు

ఆనాడు మంటలు చెలరేగితే చర్చి గంటలే దిక్కు. అవి మోగేవే గాని, ప్రమాదం ఏ వీధిలోనో చెప్పేవి కావు. అగ్నిమాపక దళాలు వీధులు గాలిస్తుండగానే ఇళ్లు బుగ్గిపాలయ్యేవి. ఈ దుస్థితికి తంతి తీగలే విరుగుడని చానింగ్ 1845లో ఒక బోస్టన్ దినపత్రికలో వ్యాసం రాశారు. నగర పాలకులు ఆ సూచనకు 10,000 డాలర్లు మంజూరు చేసేసరికి 1851 వచ్చింది.

నాడీమండలమే నమూనా

తాను చదివిన వైద్యశాస్త్రమే చానింగ్‌కు ఇక్కడ అక్కరకు వచ్చింది. వేలికి నిప్పు తగిలితే ఆ బాధను ఒక నాడి మెదడుకు చేరవేస్తుంది. చేయి వెనక్కు తీసుకోమన్న ఆజ్ఞను మరొక నాడి మోసుకొస్తుంది. నగరంలోనూ వీధి పెట్టెల నుంచి కేంద్ర కార్యాలయానికి కొన్ని తీగలు, అక్కడి నుంచి గంటలకు మరికొన్ని తీగలు అమర్చారు. పెట్టెలోని పిడి తిప్పితే పళ్ల చక్రం కరెంటును తెంచుతూ కలుపుతూ ఆ పెట్టె సంఖ్యను కేంద్రానికి తెలిపేది.

భారీ గంటల సుత్తిని కదిలించే శక్తి తీగలోని కరెంటుకు లేదు. ఈ చిక్కును విప్పినవారు సహచరుడు, ఇంజినీరు మోజెస్ ఫార్మర్. వేలాడే బరువు సుత్తిని నడిపేలా, కరెంటు కేవలం గొళ్లెం విడిపించేలా ఆయన యంత్రం రూపొందించారు.

1852 ఏప్రిల్ 28న వ్యవస్థ ప్రారంభమైంది. మరునాటి రాత్రే తొలి పిలుపు వచ్చింది. కంగారులో పిడిని మరీ వేగంగా తిప్పడంతో సంకేతం కలగాపులగమైంది. తిప్పిన వ్యక్తి స్వయంగా కార్యాలయానికి పరుగెత్తవలసి వచ్చింది. ఒక్కసారి లాగితే తనంత తానే తగిన వేగంతో తిరిగే స్ప్రింగ్ యంత్రాలు తరువాతి పెట్టెల్లోకి వచ్చాయి.

తాళం వేసిన పెట్టెలు

చానింగ్, ఫార్మర్‌లకు 1857లో పేటెంట్ లభించింది. 1859లో జాన్ గేమ్‌వెల్ ఆ హక్కులు కొని అనేక నగరాలకు ఈ వ్యవస్థను విస్తరింపజేశారు. అయితే ఆకతాయి పిలుపులకు వెరచి బోస్టన్‌లో పెట్టెలకు తాళాలు వేశారు. 1872 నవంబరు 9 సాయంత్రం వాణిజ్య ప్రాంతంలో మంటలు లేచినప్పుడు, జనం చూస్తున్నా 52వ నంబరు పెట్టె నుంచి సంకేతం వెళ్లడంలో జాప్యం జరిగింది. శకటాలు లాగే గుర్రాలు కూడా అప్పట్లో వ్యాధితో మూలబడ్డాయి. ఇలా పలు కారణాలు తోడై సుమారు 65 ఎకరాల్లో 776 భవనాలు దగ్ధమయ్యాయి.

నేటి భవనాల్లోనూ అదే సూత్రం

పాలకులు వేసిన తాళం మాట ఎలా ఉన్నా, చానింగ్ చూపిన బాట చెరిగిపోలేదు. నేటి భవనంలో పొగ డిటెక్టర్లు, ఉష్ణ డిటెక్టర్లు, అద్దం నొక్కే ఎర్ర పెట్టెలు జ్ఞాననాడుల వంటివి, కంట్రోల్ ప్యానెల్ మెదడు, హూటర్లు గొంతుక. డిటెక్టర్‌లోని చిన్న గదిలో వెలుగు ప్రసరిస్తుంటుంది. పొగ రేణువులు చొరబడితే ఆ వెలుగు చెదిరి సెన్సర్‌పై పడుతుంది. వెంటనే ప్యానెల్‌కు సంకేతం అందుతుంది. ఆధునిక వ్యవస్థల్లో ప్రతి డిటెక్టర్‌కూ సొంత సంఖ్య ఉంటుంది కనుక మంట ఏ గదిలోనో తెలుస్తుంది. తీగలో నిరంతరం స్వల్పంగా కరెంటు ప్రవహిస్తుంటుంది. ఎక్కడైనా తెగితే ప్యానెల్‌పై లోపం దీపం వెలుగుతుంది. విద్యుత్తు పోతే బ్యాటరీ ఆదుకుంటుంది.

చానింగ్ తరువాతి కాలంలో ప్రావిడెన్స్ నగరంలో టెలిఫోన్‌ను చేతిలో ఇమిడేలా తీర్చిదిద్దే కృషిలోనూ పాల్గొన్నారు. 1901 మార్చి 19న బోస్టన్‌లో, తమ 81వ ఏట కన్నుమూశారు.

1944 ఏప్రిల్ 14 నాటి బొంబాయి రేవు పేలుళ్లలో ప్రాణాలర్పించిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం మన దేశంలో ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. మోత భరించలేక హూటర్ ఆపివేసిన భవనాలు, లోపం దీపం వెలుగుతున్నా పట్టించుకోని ప్యానెళ్లు ఆనాటి తాళం వేసిన పెట్టెలతో సమానమని యజమానులు గుర్తెరగడానికి ఇది తగిన తరుణం.