మోచేతి ప్రాజెక్టుకి తుంటి డాక్టరు పాఠం

కీలు మార్పిడి ఆపరేషన్ అంటే ఇప్పుడు మనకి పెద్ద వింతేం కాదు. మన ఊళ్ళలో ఎవరో ఒక అవ్వకో తాతకో మోకాలో తుంటో మార్చే ఉంటారు. తిరుపతికో బెంగళూరుకో పోయి ఆపరేషన్ చేయించుకుని, కొన్ని నెలలకి చేతికర్ర పక్కన పెట్టేసి నడుస్తుంటారు. ఇది ఇంత మామూలు సంగతి కావడం వెనక ముఖ్యంగా ఒక మనిషి కష్టం ఉంది. ఆయన పేరు సర్ జాన్ చార్న్‌లీ. ఇంగ్లండ్‌లో ఎముకల డాక్టరు.

మా బ్యాచ్ మినీ ప్రాజెక్టుకి మోచేతి ఇంప్లాంట్ డిజైన్ తీసుకున్నాం. నిజానికి చార్న్‌లీ మోచేతి డాక్టరు కాదు, తుంటి డాక్టరు. కానీ మోచేతి గురించి ఏది చదవబోయినా, లోపల వాడే ప్లాస్టిక్ దగ్గరో, సిమెంట్ దగ్గరో, అరుగుదల లెక్కల దగ్గరో ఈయన పేరే తగులుతోంది. సరే, ఎవరీయన అని మొదలుపెడితే, డాక్టరు కంటే ఎక్కువగా ఒక మెకానికల్ ఇంజనీరు కనిపించాడు నాకు. అందుకే మన పత్రికకి ఆయన కథ రాస్తున్నా.

మందుల షాపు నుంచి యుద్ధం వర్క్‌షాపు దాకా

చార్న్‌లీ 1911 ఆగస్టు 29న లాంకషైర్‌లోని బెరీ అనే ఊళ్ళో పుట్టారు. నాన్నకి మందుల షాపు, అమ్మ నర్సు. చుట్టుపక్కలంతా నూలు మిల్లులూ, మగ్గాలూ, వాటికి మరలు చేసే వర్క్‌షాపులూ. ఆ మిల్లుల సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. మాంచెస్టర్‌లో మెడిసిన్ చదివి 1935లో డాక్టరయ్యారు. మరుసటి సంవత్సరమే, పాతికేళ్ళ వయసులో, సర్జన్ల పెద్ద పరీక్ష ఎఫ్‌ఆర్‌సీఎస్ పాసయ్యారు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940లో సైన్యంలో డాక్టరుగా చేరారు. కైరోలో ఉన్నప్పుడు గాయపడిన సైనికులకి కాళ్ళకి కట్టే పరికరాలు తయారుచేసే వర్క్‌షాపు చూసుకునే అవకాశం దొరికింది. ఎముకల డాక్టరుకి కత్తి ఎంత ముఖ్యమో లేత్ మెషినూ అంతే ముఖ్యమని అక్కడే ఆయనకి గట్టిగా పట్టుకుంది.

యుద్ధం అయ్యాక ఆస్వెస్ట్రీ అనే ఊరి ఎముకల ఆస్పత్రిలో పని చేస్తూ ఒక సాహసం చేశారు. ఎముక ముక్క తీసి ఇంకోచోట అతికిస్తే అది ఎలా పెరుగుతుందో తెలుసుకోవాలనుకున్నారు. దానికి రోగులెవరినీ అడగలేదు. తన కాలి ఎముకలోంచే ఒక ముక్క తీసి మళ్ళీ పెట్టమని తోటి డాక్టరుతో చేయించుకున్నారు. ఆ కాలికి ఇన్ఫెక్షన్ వచ్చి బాగా ఇబ్బంది పడ్డారు. తెలివైన పనా కాదా అని మనం వాదించుకోవచ్చు. కానీ ఆయన తీరు అర్థం కావాలంటే ఈ సంఘటన తెలియాలి. ఇలాంటిదే ఇంకోటి ముందుంది.

కిర్రుమనే తుంటి

అప్పట్లో ఫ్రాన్స్‌లో జూడే సోదరులు చేసిన తుంటి ఇంప్లాంట్ వాడుకలో ఉండేది. అరిగిపోయిన తుంటి బంతిని కోసేసి, ఆక్రిలిక్ ప్లాస్టిక్ బంతి పెట్టేవాళ్ళు. అలా పెట్టించుకున్న ఒకాయన చార్న్‌లీ దగ్గరికి వచ్చారు. ఆయనకి నొప్పి బాధ కాదు, చప్పుడు బాధ. కదిలితే చాలు తుంటి కిర్రుమంటుంది. ఆ చప్పుడు భరించలేక భార్య దగ్గర కూర్చోవడమే మానేసిందట.

వినడానికి నవ్వొస్తుంది కానీ, చార్న్‌లీకి ఆ చప్పుడులో ఇంజనీరింగ్ వినిపించింది. తలుపు బందు కిర్రుమంటే మనమేం అనుకుంటాం? రాపిడి ఎక్కువుంది, నూనె కావాలి అనుకుంటాం. అంటే ఆ ప్లాస్టిక్ బంతి ఎముకతో గట్టిగా రాపిడి పడుతోంది. రాపిడి ఉంటే ఆ బలమంతా ఇంప్లాంట్ ఎముకలో దిగిన చోటికి పోయి దాన్ని వదులు చేస్తుంది. అసలు సమస్య అదీ!

అక్కడి నుంచి ఆయన ఆస్పత్రి వదిలి పుస్తకాలూ, పరీక్షలూ పట్టుకున్నారు. మన శరీరంలోని కీలులో రాపిడి మంచు మీద జారే స్కేటు కంటే కూడా తక్కువని తేల్చారు. అయితే ఆ జారుడు గుణం ముఖ్యంగా మృదులాస్థిది, కీలులో ఉండే ద్రవం ఒక్కటే దాన్ని లోహానికీ ప్లాస్టిక్‌కీ తెచ్చిపెట్టలేదు అన్నది ఆయన నిర్ణయం. కాబట్టి తనంతట తానే జారే పదార్థం కావాలి.

ఆయన డిజైన్‌లో మూడు ముక్కలున్నాయి. ఒకటి, స్టీలు కాడకి చిన్న బంతి. రెండు, గిన్నెలాంటి ప్లాస్టిక్ కప్పు. మూడు, రెండింటినీ ఎముకలో కుదురుగా నిలబెట్టే ఆక్రిలిక్ సిమెంట్. ఈ సిమెంట్ పళ్ళ డాక్టర్లు వాడే పదార్థం. మాంచెస్టర్‌లో దంత పదార్థాలు తెలిసిన డెన్నిస్ స్మిత్ దాన్ని ఆయనకి సూచించారు. అది జిగురులా అతికించదు. గోడకీ గడపకీ మధ్య సందులో సున్నం కూరినట్టు ఖాళీ నింపి, బరువుని సమంగా పంచుతుంది.

బంతి చిన్నది ఎందుకన్నది మన సెకండ్ ఇయర్ లెక్కే. రాపిడి వల్ల పుట్టే టార్క్ అంటే రాపిడి గుణకం, బరువు, వ్యాసార్థం మూడింటి లబ్ధం. మొదటి రెండూ మార్చలేనప్పుడు వ్యాసార్థం తగ్గించాలి. మొదట్లో 40 మిల్లీమీటర్లు దాటి ఉన్న బంతిని తగ్గించుకుంటూ వచ్చి 22.225 మిల్లీమీటర్ల దగ్గర ఆగారు. అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. బంతి సగమైతే కప్పుని తిప్పి వదులుచేసే టార్క్ కూడా సగమవుతుంది.

మూడొందల మంది

కప్పుకి ఆయన ఎంచుకున్నది టెఫ్లాన్. మన దోసె పెనం మీద ఉండేదే. ఘనపదార్థాల్లో అంతకంటే జారేది దొరకడం కష్టం. ఇంట్లోనే లేత్ పెట్టుకుని కప్పులు తిప్పుకున్నారు. 1958 ప్రాంతంలో మొదలుపెట్టి సుమారు 300 మందికి పెట్టారు. ఏళ్ళ తరబడి మంచానికి అంటుకుపోయిన వాళ్ళు లేచి నడిచారు. 1961లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వ్యాసం కూడా వచ్చింది. మామూలుగా సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి.

పడలేదు. రెండు మూడేళ్ళకే ఎక్స్‌రేల్లో బంతి కప్పులోకి దిగిపోతూ కనిపించింది. టెఫ్లాన్ జారుడే కానీ, బరువు కింద త్వరగా అరుగుతోంది. ఆ అరిగిన పొడి చుట్టూ ఉన్న కండలో చేరి, గడ్డలు కట్టి, ఎముకని తినేస్తోంది. ఒక్కొక్కరే తిరిగి రావడం మొదలుపెట్టారు. తను నడిపించిన వాళ్ళే మళ్ళీ కుంటుతూ గుమ్మంలో నిలబడితే ఆ డాక్టరు మనసు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

చార్న్‌లీ ఆ వైఫల్యాన్ని దాచలేదు. మళ్ళీ ఆపరేషన్లు చేసి ఆ కప్పులు తీశారు. పొడే కారణమా కాదా తేల్చుకోవడానికి టెఫ్లాన్ పొడిని తన తొడలోకే ఎక్కించుకున్నారు. పక్కనే కొత్తగా చూస్తున్న ఇంకో ప్లాస్టిక్ పొడి కూడా. కొన్ని నెలలకి టెఫ్లాన్ పెట్టినచోట గడ్డ గట్టిపడింది. రెండోదానికి అంత గొడవ లేదు. ఆ ఫలితాన్ని 1963లో లాన్సెట్‌కే రాసి పంపారు.

మగ్గం పళ్ళచక్రం

ఆ రెండో ప్లాస్టిక్ ఎలా వచ్చిందన్నది నాకు బాగా నచ్చిన ఘట్టం. చార్న్‌లీ వర్క్‌షాపులో హ్యారీ క్రేవెన్ అనే టెక్నీషియన్ ఉండేవాడు. 1962 మే నెలలో ఒక సేల్స్‌మన్ వచ్చి కొత్తరకం పాలిథీన్ ముక్క చూపించాడు. లాంకషైర్ మిల్లుల్లో మరమగ్గాల పళ్ళచక్రాలకి వాడే సరుకు అది. మన నీరుగట్టువారిపల్లెలో మగ్గం చప్పుడు విన్నవాళ్ళకి తెలుస్తుంది, ఆ దెబ్బలకి ఓర్చుకునే వస్తువు ఎంత గట్టిదై ఉండాలో. క్రేవెన్ దాన్ని చార్న్‌లీకి చూపించాడు. ఆయన గోటితో గుచ్చి చూసి, పనికిరాదని వెళ్ళిపోయారు.

క్రేవెన్ ఊరుకోలేదు. చార్న్‌లీ విదేశానికి పోయిన సమయంలో ఆ ముక్కని అరుగుదల మెషిన్‌కి బిగించి రాత్రీ పగలూ తిప్పాడు. ఆయన తిరిగొచ్చి చూసేసరికి, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా ఇది మూడు వారాల్లో అరగలేదు. చార్న్‌లీ తన మాట మీద పట్టుబట్టలేదు. మెషిన్ చూపించిన లెక్కని ఒప్పుకున్నారు. 1962 నవంబరులో ఆ ప్లాస్టిక్ కప్పు మొదటిసారి రోగికి పెట్టారు. అల్ట్రా హై మాలిక్యులర్ వెయిట్ పాలిథీన్ అని మన మెటీరియల్స్ పుస్తకంలో ఉండేది అదే. ఈ రోజుకీ మోకాలు, తుంటి, మోచేయి, అన్నిట్లో దాని వంశమే.

ఈసారి మాత్రం ఆయన తొందరపడలేదు. కొన్నేళ్ళ ఫలితాలు చూసేదాకా ఇంప్లాంట్‌ని బయట అమ్మనివ్వలేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం తన దగ్గరికొచ్చి నేర్చుకున్న సర్జన్లకే అమ్మమని లీడ్స్‌లోని తయారీదారు థాక్రే కంపెనీకి షరతు పెట్టారు.

ఖాళీ అయిన క్షయ ఆస్పత్రి

ఇదంతా జరిగిన చోటు రైటింగ్టన్ ఆస్పత్రి. అది 1933లో క్షయ రోగుల కోసం కట్టింది. స్ట్రెప్టోమైసిన్ లాంటి మందులొచ్చాక క్షయ తగ్గి మంచాలు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీ వార్డుల్లోనే చార్న్‌లీ తుంటి కేంద్రం వెలిసింది. ఇది చదివినప్పుడు నాకు మదనపల్లె పక్కనున్న మన ఆరోగ్యవరమే గుర్తొచ్చింది. 1915లో మొదలైన క్షయ ఆస్పత్రి. డెన్మార్క్ డాక్టరు ఫ్రిమాట్ మోలర్ నడిపించింది. అప్పట్లో క్షయ ఊపిరితిత్తులనే కాదు, తుంటినీ మోచేతినీ కూడా తినేసేది. అలాంటి కీలుని కదలకుండా బిగించేయడం తప్ప పెద్ద దారి ఉండేది కాదు. కీలుని మళ్ళీ కదిలించాలన్న ఆశ పుట్టాలంటే ముందు ఇన్ఫెక్షన్ లొంగాలి.

చార్న్‌లీకి కూడా పెద్ద శత్రువు ఇన్ఫెక్షనే. మొదట్లో సుమారు నూటికి ఏడుగురికి వచ్చేది. గాలిలోని క్రిములే కారణమని అనుమానించి, హోవర్త్ అనే గాలి శుద్ధి ఇంజనీరుతో కలిసి ఆపరేషన్ బల్ల చుట్టూ అద్దాల గదిలాంటిది కట్టించారు. వడకట్టిన గాలి పైనుంచి కిందికి వీస్తుంది. సర్జన్లకి ఒళ్ళంతా కప్పే బట్టలు, వదిలిన శ్వాస బయటికి లాగే గొట్టాలు. ఇన్ఫెక్షన్ నూటికి ఒకటి దగ్గరికి, తర్వాత అంతకంటే కిందికి దిగింది.

ఇంకోటి చేశారు. చనిపోయాక ఆ ఇంప్లాంట్‌ని చూసి నేర్చుకోవడానికి అనుమతివ్వమని రోగులనే అడిగారు. చాలామంది సంతోషంగా ఒప్పుకున్నారు. పదేళ్ళు, పదిహేనేళ్ళు నిజంగా నడిచిన తుంటి ఎంత అరిగిందో ఆయనకి అలా తెలిసింది. 1974లో లాస్కర్ అవార్డు, 1975లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1977లో సర్ బిరుదు వచ్చాయి. 1982 ఆగస్టు 5న, డెబ్బై ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

మరి మోచేయి సంగతి?

తుంటి విజయం చూసి 1970ల మొదట్లో సర్జన్లు మోచేతికి కూడా సిమెంట్‌తో లోహపు కీలు బిగించారు. తలుపు బందులా, ఒకే దిశలో తిరిగే కీలు. కొన్నేళ్ళకే చాలా వదులయ్యాయి. ఎందుకంటే మన మోచేయి వట్టి బందు కాదు. ముడుచుకుంటూ కొంచెం పక్కకి ఒరుగుతుంది, మెలి తిరుగుతుంది. బందు ఒరగనివ్వకపోతే ఆ మెలి అంతా సిమెంట్ మీద పడుతుంది. కిర్రుమన్న తుంటి చెప్పిన పాఠమే ఇది! తర్వాత అమెరికా సర్జన్ కూన్రాడ్ డిజైన్‌లో పాలిథీన్ బుష్‌లు పెట్టి, కీలుకి ఏడు డిగ్రీల దాకా ఆట వదిలారు. అప్పుడు మన్నిక పెరిగింది.

బరువు మాటకొస్తే మోచేయి మోసగత్తె. చేతిలో 5 కిలోలు మోచేతికి 35 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నారనుకోండి. దాన్ని లాగే కండరం ఎముకకి అంటుకున్నది మోచేతి నుంచి సుమారు 5 సెంటీమీటర్ల దగ్గర. అంటే కండరం 35 కిలోల బలంతో లాగాలి. ముంజేతి బరువు వదిలేసినా కీలు మీద 30 కిలోలు పడుతుంది. అందుకే మోచేయి మార్పించుకున్న వాళ్ళని ఒకసారికి నాలుగైదు కిలోలకి మించి ఎత్తొద్దంటారు. మదనపల్లె మార్కెట్‌లో టమాటా క్రేట్లు మోసే మనిషికి ఆ మాట చెప్పి చూడండి. అది ఆరోగ్య సలహాలా వినపడదు, కూలి పోయిందన్నట్టు వినపడుతుంది. మన దగ్గర మోచేతి డిజైన్ ముందున్న అసలు ప్రశ్న ఇదే అని నా అభిప్రాయం.

కంప్యూటర్‌లో మన మోడల్‌కి బరువు పెడితే రంగురంగుల బొమ్మ వస్తుంది. ఎరుపు లేకపోతే పాస్. ఆ బొమ్మ చూపించేది ఒక్క క్షణం మాత్రమే. చార్న్‌లీ టెఫ్లాన్ కప్పు కూడా మొదటి రోజు పాసే. ఫెయిలైంది మూడో ఏట. అందుకే మా రిపోర్టులో అరుగుదలకీ, సిమెంట్ వదులవడానికీ విడిగా ఒక అధ్యాయం పెట్టుకున్నాం. వచ్చే ఏడాది జూనియర్స్ ఎవరైనా ఈ ప్రాజెక్ట్ ముందుకి తీసుకెళ్తే అక్కడి నుంచే మొదలుపెట్టండి. ల్యాబ్‌లో మెషిన్ నడిపే అన్నని కూడా ఒకసారి అడగండి. హ్యారీ క్రేవెన్‌లాంటి వాళ్ళు ప్రతి వర్క్‌షాపులోనూ ఉంటారు.