వింబుల్డన్ రాణి సుజాన్ లెంగ్లెన్

క్రీడాకారుల జీవిత చరిత్రలు సాధారణంగా విజయాల పట్టికలతో నిండి ఉంటాయి. ఎన్ని పోటీలు గెలిచారు, ఎన్ని బహుమతులు పొందారు అన్నంతవరకే మనం చదువుతాము. గ్యాలరీలలో కూర్చుని వారిని కొనియాడిన, ఒక్కొక్కప్పుడు నిందించిన ప్రేక్షకులను గురించి ఎవరూ అంతగా ఆలోచించరు. కాని ఫ్రాన్సు దేశపు టెన్నిస్ క్రీడాకారిణి సుజాన్ లెంగ్లెన్ జీవితాన్ని ఆమె అభిమానులనుంచి విడదీసి చెప్పటం సాధ్యం కాదు. అందుచేతనే ఆమె కథను విద్యార్థి మిత్రుల ముందుంచదలచాము.

సుజాన్ 1899 మే 24న పారిస్ నగరంలో జన్మించింది. బాల్యంలో ఆమె ఆరోగ్యం అంతంతమాత్రమే. ఉబ్బసం తరచు బాధించేది. ఆటవలన బిడ్డకు కొంత బలం చేకూరుతుందన్న ఆశతో తండ్రి షార్ల్ లెంగ్లెన్ 1910లో ఒక రాకెట్టు కొనియిచ్చాడు. కుమార్తెలోని నైపుణ్యాన్ని గ్రహించి తానే గురువై కఠోరమైన శిక్షణ ఇచ్చాడు. కోర్టులో చేతిరుమాలు పరచి, బంతి సరిగా దానిమీదనే పడేటట్లు కొట్టించేవాడు. ఈ సాధన వృథా పోలేదు. 1914లో, పదిహేనేళ్లు నిండిన కొద్దిరోజులకే, ఆమె ప్రపంచ హార్డ్ కోర్టు పోటీలలో విజేత అయింది. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. వింబుల్డన్ పోటీలు నాలుగేళ్లపాటు నిలిచిపోయాయి.

1919లో పోటీలు తిరిగి ప్రారంభమైనప్పుడు సుజాన్ మొదటిసారిగా వింబుల్డన్ పచ్చికపై అడుగుపెట్టింది. అంతిమ పోటీలో ఆమె ప్రత్యర్థి డొరొతియా లాంబర్ట్ ఛేంబర్స్. అప్పటికే ఏడుసార్లు విజేత, వయస్సు నలభై సంవత్సరాలు. సుజాన్‌కు ఇరవై. ఐదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణి స్వయంగా తిలకిస్తుండగా ఆట సాగింది. ఛేంబర్స్ రెండు పర్యాయాలు విజయానికి ఒకే ఒక్క పాయింటు దూరంలో నిలిచింది. రెండుసార్లూ సుజాన్ గండం గట్టెక్కి, 10–8, 4–6, 9–7 తేడాతో గెలుపొందింది. ఆనాడు ఛేంబర్స్ చీలమండల వరకు జీరాడే పాతకాలపు దుస్తులు ధరించగా, సుజాన్ పొట్టి చేతుల, పిక్కల వరకే ఉన్న తేలికపాటి గౌను వేసుకొని వచ్చింది. పెద్దలు కొందరు ముఖం చిట్లించారు. కాని ఆడపిల్లలు స్వేచ్ఛగా పరుగెత్తి ఆడాలంటే దుస్తులు అందుకు అనువుగా ఉండాలన్న సత్యాన్ని లోకం క్రమంగా అంగీకరించింది.

అటుతరువాత 1920, 1921, 1922, 1923, 1925 సంవత్సరాలలోనూ సింగిల్స్ టైటిల్ ఆమెదే. 1925లో సింగిల్స్ పోటీలన్నిటిలో కలిపి ఆమె ప్రత్యర్థులకు వదలినవి కేవలం ఐదు గేములు. కోర్టులో ఆమె కదలిక నృత్యంవలె ఉండేదని చూచినవారందరూ చెప్పుకునేవారు. ఆమె ఆట ఉన్ననాడు జనం బారులు తీరి నిలబడేవారు. వర్పుల్ రోడ్డులోని పాత మైదానం ఆ జనసందోహానికి చాలలేదు. 1922లో వింబుల్డన్ పోటీలు చర్చ్ రోడ్డులోని విశాలమైన నూతన ప్రాంగణానికి మారటానికి గల ముఖ్య కారణాలలో సుజాన్ ఆకర్షణ ఒకటి. అక్కడి సెంటర్ కోర్టులో సుమారు 14 వేల మంది చూడగలిగే వసతి ఏర్పడింది. అదికూడా చాలక, 1924 నుంచి టిక్కెట్ల కొరకు లాటరీ పద్ధతి ప్రవేశపెట్టవలసి వచ్చింది.

అయితే అభిమానం నిలకడలేనిదని ఆమె అనుభవం చెబుతున్నది. 1921లో అమెరికాలో మోలా మలోరీతో ఆడుతూ అస్వస్థతవల్ల మధ్యలో విరమించుకున్నప్పుడు అక్కడి ప్రేక్షకులు ఆమెను హేళన చేశారు. మరుసటి సంవత్సరం వింబుల్డన్ అంతిమ పోటీలో అదే మలోరీని 6–2, 6–0తో ఓడించి సుజాన్ తన ఆటతోనే సమాధానమిచ్చింది. 1926 ఫిబ్రవరిలో కాన్ నగరంలో హెలెన్ విల్స్‌తో ఆడిన పోటీని చూడటానికి జనం చెట్లెక్కారు, ఇళ్ల కప్పులెక్కారు. 6–3, 8–6తో ఆ విజయం కూడా సుజాన్‌నే వరించింది.

అదే సంవత్సరం జూన్‌లో వింబుల్డన్ స్వర్ణోత్సవాలు జరిగాయి. ఒకనాడు ఆమె డబుల్స్‌తోపాటు, అంతకు ముందుగా ఒక సింగిల్స్ పోటీనికూడా కార్యక్రమంలో చేర్చారు. ఆమెకూ నిర్వాహకులకూ నడుమ కబురు సవ్యంగా సాగలేదు. సుజాన్ ఆలస్యంగా వచ్చేసరికి మేరీ రాణి ఆమె ఆటకోసం ఎదురుచూస్తున్నది. నిర్వాహకులు నిలదీయగా సుజాన్ కన్నీరు మున్నీరై ఆనాడు ఆడలేనన్నది. రాణిని అవమానించిందన్న మాట క్షణాలమీద వ్యాపించింది. కొద్దిరోజులకు ఆమె తిరిగి కోర్టులోకి వచ్చినపుడు, ఏడేళ్లపాటు నీరాజనాలు పట్టిన ఆ ప్రేక్షకులే విముఖులైనారు. ఆమె పోటీలనుంచి తప్పుకున్నది. మరల ఎన్నడూ వింబుల్డన్‌లో ఆడలేదు.

ఆ తరువాత ఆమె వృత్తి క్రీడాకారిణిగా మారి అమెరికాలో పర్యటించింది. ధనాశతో ఆటను అమ్ముకున్నదని కొందరు ఆక్షేపించారు. కాని ఆమె వాదాన్ని కూడా మనం వినాలి. వేలాది మంది టిక్కెట్లు కొనటంవలన క్లబ్బులకు డబ్బు వచ్చి చేరుతున్నది. ఎవరిని చూడటానికి ఆ జనం వస్తున్నారో వారికి మాత్రం అమెచ్యూర్ నిబంధనల పేరిట అందులో భాగం లేదు. కలిగిన కుటుంబాలవారు తప్ప ఇతరులు ఈ ఆటలో ఎట్లా రాణిస్తారన్నది ఆమె వేసిన ప్రశ్న. దానికి సమాధానం రావటానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. 1968లో వింబుల్డన్ వృత్తి క్రీడాకారులకు కూడా ద్వారాలు తెరచి, విజేతలకు నగదు బహుమతులు ఇవ్వసాగింది.

చివరి రోజులలో సుజాన్ పారిస్‌లో పిల్లలకు టెన్నిస్ నేర్పుతూ గడిపింది. తీవ్రమైన రక్తహీనతతో 1938 జూలై 4న, 39వ ఏట కన్నుమూసింది. అప్పటికి రెండు రోజుల ముందే, కాన్‌లో ఆమె చేతిలో ఓడిన హెలెన్ విల్స్ వింబుల్డన్‌లో తన ఎనిమిదవ టైటిల్ గెలుచుకున్నది. నేడు పారిస్‌లోని రొలాఁ గారోస్ ప్రాంగణంలో ఒక పెద్ద కోర్టు సుజాన్ పేరును ధరించి ఉన్నది. అక్కడి మహిళా విజేతకు ఇచ్చే కప్పు కూడా ఆమె పేరు మీదనే ఉన్నది.

మైదానంలో ఆడేవారు కొందరే. మనలో అధికులం చూచేవారమే. ఒక క్రీడాకారిణి ఎదుగుదలకు మన చప్పట్లు ఎంత అవసరమో, నిజం తెలియకముందే మనం వేసే నింద ఆమెను అంతగా కృంగదీస్తుంది. ఆటగాళ్లకు క్రమశిక్షణ ఉండాలని మనం కోరుకుంటాము. కబురు ఎక్కడ తప్పిందో విచారించకుండా తీర్పు చెప్పని సంయమనం ప్రేక్షకులకు కూడా ఉండాలి. సుజాన్ లెంగ్లెన్ జీవితంనుంచి మనం నేర్చుకోదగిన పాఠం ఇదేనని మా విశ్వాసం.