ఉపన్యాస కళాసాధకుడు మైకేల్ ఫారడే

వాక్పటిమ జన్మతః లభించే వరమనీ, అది లేనివారు ఎంత ప్రయత్నించినా సభలో రాణించలేరనీ మన విద్యార్థులలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. సెమినారులో పత్రం సమర్పించవలసి వచ్చినా, ఉద్యోగంలో పదిమంది పెద్దల ఎదుట తన పనిని వివరించవలసి వచ్చినా గొంతు తడారిపోయే యువకుడు, తనకా వరం దక్కలేదని సరిపెట్టుకొని ఊరుకుంటాడు. ఈ నమ్మకం ఎంత నిరాధారమైనదో మైకేల్ ఫారడే జీవితం నిరూపిస్తుంది. విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్న శాస్త్రవేత్తగా ఆయన పాఠ్యపుస్తకాల ద్వారా మనకు సుపరిచితుడే. కాని తన కాలపు ఇంగ్లండులో విజ్ఞానశాస్త్ర ఉపన్యాసకుడుగా ఆయన ఆర్జించిన కీర్తి, ఆ కీర్తి వెనుక దాగిన దీర్ఘసాధన మనలో కొద్దిమందికే తెలుసు.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండను సమీపాన న్యూయింగ్టన్ బట్స్‌లో జన్మించాడు. తండ్రి కమ్మరి, అనారోగ్యపీడితుడు. ఆ కుటుంబం శాండిమనియన్ అనే అతి చిన్న క్రైస్తవ శాఖకు చెందినది. ధనబలం గాని, సంఖ్యాబలం గాని లేని ఇల్లు అది. చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు మాత్రమే బడి అతనికి నేర్పిన విద్య. 1804లో రీబో అనే పుస్తక విక్రేత వద్ద పనికుర్రవాడుగా కుదిరి, మరుసటి సంవత్సరం నుండి ఏడేళ్ళపాటు బైండింగు పని నేర్చుకున్నాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలను కుట్టి ఊరుకోక, వాటిని చదివాడు. విజ్ఞానసర్వస్వంలోని విద్యుత్తు వ్యాసమూ, జేన్ మార్సెట్ అనే విదుషి రచించిన రసాయనశాస్త్ర గ్రంథమూ అతనికి తొలి గురువులైనాయి.

1812లో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి దయవల్ల, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చిన నాలుగు ఉపన్యాసాలను వినే అవకాశం అతనికి లభించింది. గడియారానికి పైనున్న బాల్కనీలో కూర్చొని ప్రతి విషయాన్నీ రాసుకున్నాడు. ఇంటికి వచ్చి తిరిగి శుభ్రంగా రాసి, పరికరాల బొమ్మలు గీసి, స్వహస్తాలతో బైండు చేసి ఆ ఏడాది చివర డేవీకే పంపాడు. డేవీ మొదట బైండింగు వృత్తినే నమ్ముకొమ్మని సలహా ఇచ్చాడు. కాని కొద్ది నెలలకే ప్రయోగశాలలో ఒక సహాయకుని కొలువు ఖాళీ కాగా, 1813 మార్చిలో ఫారడేను పిలిపించి వారానికి 25 షిల్లింగుల జీతంపై నియమించాడు.

సహాయకుని పని గాజుపాత్రలు కడగడం, ఉపన్యాసకులకు పరికరాలు అందించడం. ఇతరులు కూలిగా భావించే ఈ పనిని అతడు విద్యగా మలచుకున్నాడు. వేదిక ప్రక్కన నిలబడి వక్తలనూ శ్రోతలనూ ఏకకాలంలో పరిశీలించాడు. ఆ జూన్‌లో మిత్రుడు బెంజమిన్ అబట్‌కు వరుసగా రాసిన లేఖలలో ఉపన్యాస కళను ఆమూలాగ్రం విశ్లేషించాడు. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరాలు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ వేదికపై ఒక్క ఉపన్యాసమైనా ఇచ్చి ఉండలేదు!

ఆ లేఖలలో అతడు స్పృశించని అంశం లేదు. శ్రోతలకు ఊపిరాడే గాలి ఉండాలి, రాకపోకలకు అనువైన ద్వారాలుండాలి అని సభామందిరంతోనే ప్రారంభించాడు. వక్త తొందరపడరాదు, శ్రోతలకు ముఖం చాటువేయరాదు, గంటకు మించి మాట్లాడరాదు. ప్రయోగాలు విషయాన్ని విశదం చేయాలే గాని కేవలం కనులపండువ కోసం కారాదు. అయినదానికీ కానిదానికీ క్షమాపణలు చెప్పుకోవడం తగదు. చప్పట్లకోసం అర్రులు చాచిన వక్త తన గౌరవాన్ని తానే పోగొట్టుకుంటాడు. ఇవి ఆ యువకుని నిశ్చితాభిప్రాయాలు.

తెలిసినంత మాత్రాన ఆచరణ సిద్ధించదని అతనికి తెలుసు. నగరంలోని సిటీ ఫిలసాఫికల్ సొసైటీ సభ్యులు కొందరితో కలిసి ఒక చిన్న బృందం ఏర్పరచుకున్నాడు. అయిదారుగురు యువకులు సాయంకాలాలు సమావేశమై ఒకరు చదవగా తక్కినవారు ఉచ్చారణనూ వాక్యనిర్మాణాన్నీ మొగమాటం లేకుండా సరిదిద్దేవారు. 1816 జనవరిలో ఆ సొసైటీలోనే తన తొలి ఉపన్యాసం ఇచ్చాడు. 1818లో బెంజమిన్ స్మార్ట్ అనే వాచిక శిక్షకుని తరగతులకు హాజరై, విపులంగా నోట్సు రాసుకున్నాడు. పరిమితమైన రాబడిలో నుండి మాట నేర్చుకోవడానికి సొమ్ము వెచ్చించిన విజ్ఞానవేత్త ఆయన!

అంతటితో ఆగలేదు. ఎడ్వర్డ్ మాగ్రాత్ అనే మిత్రుని తన ఉపన్యాసాలకు రప్పించి, దోషాలను గుర్తించి చెప్పే బాధ్యత అప్పగించాడు. మాటల వేగం తగ్గించమని హెచ్చరించే అట్టముక్క ఒకటి ఎల్లప్పుడూ తన కంటి ఎదుట ఉండేటట్లు ఏర్పాటు చేసుకున్నాడు. గంట కావస్తున్నప్పుడు సమయాన్ని గుర్తుచేసే మరొక అట్టను కూడ ఎదుట ఉంచేవారు. పేరు ప్రతిష్ఠలు వచ్చిన తరువాత సైతం తన తప్పును ఎత్తిచూపే మనిషిని దగ్గర ఉంచుకోవడం ఎందరికి సాధ్యం?

1825లో ఫారడే ప్రయోగశాల డైరెక్టరైనాడు. ఆర్థికంగా ఇక్కట్లలో ఉన్న ఆ సంస్థకు సభ్యులనూ ప్రజాదరణనూ సమకూర్చవలసిన భారం ఆయనపై పడింది. శుక్రవారపు సాయంకాల ప్రసంగాలనూ, బాలబాలికలకు క్రిస్మస్ ఉపన్యాసాలనూ ఆ కాలంలోనే ప్రారంభించారు. 1826 ఫిబ్రవరి 3న ఆయన ఇచ్చిన తొలి శుక్రవార ప్రసంగం రబ్బరును గురించి. తరువాతి కాలంలో వందకు పైగా శుక్రవార ప్రసంగాలు చేశాడు. 1827 నుండి 1861 ఆరంభం వరకు 19 పర్యాయాలు క్రిస్మస్ ఉపన్యాసమాలికలు నిర్వహించాడు. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను ఆవిష్కరించిన చేతులే, పిల్లల ఎదుట కొవ్వొత్తి వెలిగించి, దాని జ్వాలలో నుండి రసాయనశాస్త్రమంతటినీ విప్పి చూపాయి. ఆ కొవ్వొత్తి ఉపన్యాసాలు 1861లో గ్రంథరూపం ధరించి, నేటికీ పాఠకులను అలరిస్తున్నాయి.

శ్రోతకు ఇది తెలిసే ఉంటుందిలే అని దేనినీ వదిలివేయరాదన్నది ఆయన సూత్రం. చేయి విడిస్తే రాయి క్రింద పడుతుందని చెప్పవలసి వస్తే, మాటతో సరిపుచ్చక, చేయి విడిచి రాయిని పడనిచ్చి చూపాలని ఒక యువ ఉపన్యాసకునికి బోధించాడట. చెవికి చెప్పినది కంటికి కూడ కనబడాలని దాని భావం. ఇది శ్రోత అజ్ఞాని అన్న చులకన కాదు. శ్రోత వెచ్చించే గంటసేపు అమూల్యమైనదన్న గౌరవం.

వయస్సు మీరిన కొలదీ జ్ఞాపకశక్తి సన్నగిల్లింది. 1862 జూన్ 20న గ్యాసు కొలుములను గురించి ప్రసంగించి, ఆ వేదిక నుండి సెలవు తీసుకున్నాడు. మాట్లాడడం ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడో, విరమించడమూ అంత హుందాగా తెలుసుకున్నాడు. 1867 ఆగస్టు 25న తనువు చాలించాడు. 1991లో వెలువడిన 20 పౌండ్ల ఇంగ్లండు నోటుపై ఆయన చిత్రపటంతో పాటు, సభలో ఉపన్యసిస్తున్న దృశ్యాన్ని కూడ ముద్రించారు.

కళాశాల విద్యను ఎరుగని బైండింగు కుర్రవానికి ఈ గౌరవం వరంగా రాలేదు. పరిశీలన, అభ్యాసం, విమర్శను స్వీకరించే వినయం దానిని సంపాదించి పెట్టాయి. మన విద్యార్థులకు ఉర్దూలోనో తెలుగులోనో ఇంట మాట్లాడే భాష ఒకటి, సభలో మాట్లాడవలసిన భాష మరొకటి కావచ్చు. ఆ సంకోచాన్ని దాటడానికి నలుగురు మిత్రులూ, ఒక ఖాళీ తరగతి గదీ, తప్పును తప్పని చెప్పే ఒక మాగ్రాత్ చాలు. వేదిక ఎక్కే రోజు కోసం ఎదురుచూడక, ఫారడే వలె ముందుగానే సన్నద్ధులు కావడం మన చేతిలోని పని.